నొప్పి పోయాకే అసలు పథ్యం: ఇంప్లాంట్ వేయించుకుని ఇంటికొచ్చిన తర్వాత

పంటి ఇంప్లాంట్ వేయించుకుని బుగ్గ వాచి ఇంటికొచ్చిన మనిషికి ఊరంతా వైద్యులే. పప్పు ముట్టొద్దు, చీము పడుతుంది. పెరుగు వద్దు, నెమ్ము చేస్తుంది. లవంగ నూనె పూయి. ఉప్పు మూట కట్టి కాపడం పెట్టు. డాక్టరు చేతిలో పెట్టిన కాగితం మీద ఇంకో పది జాగ్రత్తలుంటాయి, అవి సగం ఇంగ్లీషులో. ఈ రెండు రకాల సలహాలూ దాదాపు మొదటి నాలుగైదు రోజుల గురించే. ఆ తర్వాత వాపు తీస్తుంది, నొప్పి పోతుంది, మనిషి ఎప్పటిలాగే చెనక్కాయలు నములుతూ కూర్చుంటాడు. దవడ ఎముకలో బిగించిన ఇంప్లాంట్ మరకు పట్టు బాగా తగ్గి ఉండే వారాలు సరిగ్గా అప్పుడే మొదలవుతాయి.

ఈ చిక్కంతా ఎక్కడుందంటే, నోట్లో చేసిన పని ఒక్కటే అయినా నయం కావాల్సినవి మూడు. గాయంలో రక్తం గడ్డ కట్టి నిలదొక్కుకోవడానికి ఒక రోజు పడుతుంది. కోసి కుట్టిన చిగురు మూసుకోవడానికి ఒకటి రెండు వారాలు. ఎముక మరను పట్టుకోవడానికి కింది దవడలో సుమారు 3 నెలలు, పై దవడ ఎముక మెత్తన కాబట్టి అక్కడ 4 నుంచి 6 నెలలు. నొప్పి మనకు చెప్పేది మొదటి రెండింటి కబురే. మూడోదాని గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు.

లోపల జరిగేది ఇది. ఇంప్లాంట్ అంటే టైటానియం మర. పొడవు మామూలుగా 8 నుంచి 13 మిల్లీమీటర్లు, మందం 3 నుంచి 5. ఎముక టైటానియంను పరాయి వస్తువులా బయటికి నెట్టకుండా దాన్ని అంటిపెట్టుకుని పెరుగుతుందని స్వీడన్ వైద్యుడు పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ల కాలి ఎముకల మీద పరిశోధన చేస్తూ గమనించారు. ఎముకలో రక్త ప్రసరణ చూడటానికి అమర్చిన టైటానియం పరికరాలు తర్వాత ఊడిరాలేదు. ఆయన మొదటిసారి ఒక మనిషి దవడలో ఇంప్లాంట్ వేసింది 1965లో. ఇవాళ మన ఊళ్లలో వేస్తున్న ఇంప్లాంట్లన్నిటికీ మూలం ఆ గమనింపే.

అయితే ఆ అంటుకోవడం మొదటి రోజే జరిగేది కాదు. పెళ్లి పందిరికి గుంజ పాతినప్పుడు ముందు గుంత బిగుతే దాన్ని నిలబెడుతుంది, మట్టి గట్టిపడటం తర్వాత సంగతి. ఆ లోపల ఎవరైనా ఊపితే గుంజ ఇక ఎప్పటికీ కదులుతూనే ఉంటుంది. మర కూడా మొదట బిగుతు మీదే నిలుస్తుంది. డ్రిల్లు తగిలి నలిగిన ఎముకను శరీరం కొన్ని వారాల పాటు కరిగించి, దాని స్థానంలో కొత్త ఎముక పోస్తుంది. పాతది కరిగిపోతూ కొత్తది ఇంకా గట్టిపడని మధ్యకాలం ఒకటుంటుంది. అది సుమారుగా రెండో వారం నుంచి నాలుగైదు వారాల దాకా. ఇంప్లాంట్ పట్టు అన్నిటికంటే తక్కువగా ఉండే రోజులవి. అప్పుడు నమలడం వల్లో, నాలుకతో పదేపదే నెట్టడం వల్లో మర మిల్లీమీటరులో పదో వంతుకు మించి అటూ ఇటూ కదులుతూ ఉంటే చుట్టూ ఎముకకు బదులు పీచులాంటి కండ పేరుకోవచ్చు. అలా పేరుకున్న ఇంప్లాంట్ తర్వాత గట్టిపడదు, తీసేయాల్సిందే.

ఇంకో సంగతి కూడా ఉంది. సొంత పంటికీ ఎముకకీ మధ్య సన్నటి పొర ఒకటి ఉంటుంది. అన్నంలో రాయి తగలగానే దవడ టక్కున ఆగేది ఆ పొరలోని నరాల వల్ల. ఇంప్లాంట్ చుట్టూ ఆ పొర ఉండదు. ఎంత బరువు పడుతోందో మనకు సరిగ్గా తెలియదు. అందుకే ‘నొప్పి లేదు కదా, నమిలితే ఏమవుతుంది’ అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

మొదటి రోజు

మొదటి రోజు చేయాల్సిన పని ఒకటే, రక్తపు గడ్డను కదిలించకుండా ఉండటం. క్లినిక్‌లో గాయం మీద మడిచి పెట్టిన పలచటి గుడ్డను (గాజ్) అరగంట నుంచి గంట దాకా గట్టిగా కరిచి పట్టుకోవాలి. ప్రతి ఐదు నిమిషాలకూ తీసి చూసుకుంటే గడ్డ దాంతోపాటే ఊడొస్తుంది. లాలాజలంలో కాస్త రక్తం కలిసినా నోరంతా ఎర్రగా కనిపిస్తుంది కాబట్టి భయం ఎక్కువ, నష్టం తక్కువ. మర్నాటి దాకా ఉమ్మి లేత గులాబీ రంగులో ఉండటం మామూలే.

అసలు ఇబ్బంది ఉమ్మడం. నోట్లో ఏదో చేరినట్టు అనిపించగానే తుపుక్కున ఉమ్మే అలవాటు మనకు బాగా ఉంది. క్లినిక్ నుంచి బస్టాండుకు ఆటోలో వెళ్తూ దారి పొడుగునా ఉమ్ముకుంటూ పోయేవాళ్లుంటారు. ఉమ్మినప్పుడూ, పుక్కిలించినప్పుడూ, స్ట్రాతో పీల్చినప్పుడూ నోట్లో పుట్టే లాగుడుకు గడ్డ కదిలిపోతుంది. వచ్చింది మింగేయాలి, లేదంటే తల వంచి దానంతట అది కారనివ్వాలి. కర్నూలు ఎండకు దాహమేస్తే కొబ్బరి బోండాం చక్కగా తాగొచ్చు, కాకపోతే స్ట్రా పక్కన పెట్టి గ్లాసులో పోయించుకోవాలి. నన్నారి షర్బత్ అయినా అంతే. సోడా, నిమ్మకాయ లేకుండా మంచినీళ్లలో కలిపించుకుంటే సరి. షుగరున్నవాళ్లకు అదీ వద్దు.

బుగ్గ మీద ఐసు గుడ్డలో చుట్టి పావుగంట పెట్టడం, పావుగంట తీయడం, మొదటి రెండు రోజులూ ఇదే. ఉప్పు కాపడం ఈ రెండు రోజుల్లో తప్పు. వేడికి రక్తనాళాలు విచ్చుకుని వాపు పెరుగుతుంది. మూడో రోజు నుంచి గోరువెచ్చని కాపడం పెట్టుకోవచ్చు. కాపడం పెట్టే పెద్దమ్మ మాటలో తప్పు లేదు, రోజే తప్పు. వాపు రెండో, మూడో రోజుకు ఎక్కువవుతుంది. ‘నిన్నటి కంటే ఇవాళ ఎక్కువుంది, ఏదో అయింది’ అని కంగారు పడేది ఇక్కడే. నాలుగో రోజు నుంచి తగ్గుముఖం పడితే అంతా సవ్యంగా ఉన్నట్టు. పెద్ద వయసువాళ్లకు బుగ్గ మీదా, గడ్డం కిందా నీలంగానో పచ్చగానో కమిలిన మచ్చ దిగుతుంది. చూడటానికి దెబ్బ తిన్నట్టుంటుంది కానీ వారం పది రోజుల్లో పోతుంది.

రెండు దిండ్లు వేసుకుని తల ఎత్తుగా పడుకోవాలి. నీళ్ల బిందెలు, సిమెంటు బస్తాలు, జిమ్ము, వంగి చేసే సేద్యం పనులు మూడు నాలుగు రోజులు ఆపాలి. తలకు రక్తం పోటెత్తితే గాయం మళ్లీ కారుతుంది. తలస్నానం వద్దని కూడా అంటారు, దానికి మాత్రం నాకు కారణం కనిపించలేదు. మరీ వేడినీళ్లు కాకపోతే చాలు.

పప్పు, పెరుగు, సంగటి

తిండి దగ్గరే మన ఇళ్లలో అసలు గొడవ. ప్రొద్దుటూరులో మాకు తెలిసిన ఒకింట్లో కింది దవడకు ఇంప్లాంట్లు వేయించుకున్న అత్తగారికి కోడలు పప్పన్నం మెత్తగా పిసికి తెచ్చింది. ‘వద్దమ్మా, పప్పు తింటే చీము పడ్తాది, మజ్జిగలో ఇంత అన్నం కలిపియ్యి’ అందావిడ. చూడటానికొచ్చిన పక్కింటామె అందుకుంది: ‘మజ్జిగ కూడా వద్దక్కా, నెమ్ము చేస్తాది.’ గుడ్డు వేడి, వంకాయ దురద, చింతపండు పులుపు. ఒక్కొక్కటే పోగా చివరికి మిగిలింది టీలో ముంచిన బ్రెడ్డు. ఆవిడకు షుగర్. మాత్ర మాత్రం మామూలు మోతాదే. సాయంత్రానికి చెమటలు పట్టి కళ్లు తిరిగాయి. వాళ్లు ఇంప్లాంట్ వికటించిందనుకున్నారు. తిండి లేకుండా షుగర్ మాత్ర వేసుకోవడం వల్ల వచ్చిన నీరసమది. చక్కెర నీళ్లతో తేరుకుంది.

చీముకీ పప్పుకీ రంగులో తప్ప మరే చుట్టరికమూ లేదు. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల. గాయం పూడాలంటే మాంసకృత్తులు కావాలి, శాకాహారి ఇంట్లో అవి ముఖ్యంగా వచ్చేది పప్పు నుంచీ పాలూ పెరుగుల నుంచే. పథ్యం పేరుతో సరిగ్గా వాటినే ఆపేస్తున్నాం. పెసరపప్పు మెత్తగా ఉడికించి కారం లేకుండా పెట్టొచ్చు. పెరుగన్నం, మజ్జిగ, మెత్తటి ఆమ్లెట్, ముళ్లు తీసిన చేప అన్నీ పనికొస్తాయి. చూడాల్సినవి నాలుగే: వేడి, కారం, గట్టితనం, గాయంలో ఇరుక్కునే పలుకులు.

ఆ లెక్కన మన సంగటికి మంచి మార్కులే వస్తాయి. ముద్దను పప్పులోనో పులుసులోనో అద్ది నమలకుండా మింగడం సీమలో తరతరాల అలవాటు; నమలకూడని మనిషికి అంతకంటే ఏం కావాలి? కానీ సంగటిని పొగలు కక్కుతుండగా తింటేనే తిన్నట్టు అనుకుంటాం. ఆ మొదటి రోజుల్లో మాత్రం చల్లారాక, కాస్త మజ్జిగ పోసి జారుగా చేసుకోవాలి. పక్కన ఊరుబిండి పెట్టుకుంటే చేసిందంతా వృథా. అందులోని కారం మంట పుట్టిస్తుంది, చెనక్కాయ పలుకులు కుట్ల సందుల్లో దూరతాయి. రాగి జావ, జొన్న అంబలి అయితే ఇంకా తేలిక.

ఉగ్గాణి మెత్తగానే ఉంటుంది కదా అని అడుగుతారు. బొరుగులు నానితే మెత్తనే, కానీ వాటికంటుకున్న పొట్టూ, మీద చల్లిన పప్పుల పొడీ, తాలింపులో ఆవాలూ గాయానికి పడవు. మిరపకాయ బజ్జీ గురించి చెప్పక్కర్లేదు. కడప కారం దోసె మీద మనసైతే కారం లేకుండా, మెత్తగా కాల్పించుకుని, అది కూడా వారం దాటాక రెండో వైపు పళ్లతో తినాలి. జొన్నరొట్టె, మురుకులు, చెరకు, జామకాయ, ఎముకలున్న నాటుకోడి కూర లాంటివి ఇంప్లాంట్ ఉన్న వైపు డాక్టరు సరే అనేదాకా ఆగాలి. అంటే నెలలు. ఇక్కడ పథ్యం నొప్పిని బట్టి నడవదు, ఎముకను బట్టి నడుస్తుంది.

రంజాన్ ఉపవాసాలుండేవాళ్లూ, ఏకాదశులు పాటించేవాళ్లూ ఆపరేషన్ తేదీని ఆ రోజులకు తగలకుండా పెట్టించుకోవడం మేలు. మాత్రలు వేళకు పడాలి, నీళ్లు తాగాలి.

నోటి శుభ్రం, పొగ, మాత్రలు

మొదటి 24 గంటలు పుక్కిలించడం వద్దు. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పు నీళ్లు, గ్లాసుకు అర చెంచా ఉప్పు, తిన్న ప్రతిసారీ నోట్లో పట్టి తలను అటూ ఇటూ వంచి వదిలేయాలి. గడగడా పుక్కిలించక్కర్లేదు. డాక్టరు క్లోర్‌హెక్సిడిన్ అనే నోరు కడిగే మందు రాసిస్తే పేస్టుతో పళ్లు తోముకున్నాక కనీసం అరగంట ఆగి వాడాలి, పేస్టులోని పదార్థాలు దాని బలాన్ని తగ్గిస్తాయి. ఎక్కువ రోజులు వాడితే పళ్ల మీద గోధుమ రంగు మరకలు పడతాయి, రుచి మారుతుంది. చెప్పిన రోజుల తర్వాత ఆపేయాలి. మిగతా పళ్లను మర్నాటి నుంచే మెత్తటి బ్రష్‌తో తోముకోవాలి. గాయమైందని నోరంతా వారం రోజులు ముట్టకుండా వదిలేసేవాళ్లు ఎక్కువ. సూక్ష్మజీవులకు కావలసిందే అది. కుట్లున్న చోట మాత్రం బ్రష్, వేప పుల్ల, పళ్లపొడి, వేలు ఏవీ తగలనివ్వకూడదు. లవంగ నూనె పుచ్చుపంటి నొప్పికి పనిచేస్తుంది, తెరిచిన గాయానికి రాస్తే కండను కాలుస్తుంది. పసుపు కూడా అందులో కూరొద్దు.

బీడీ, సిగరెట్, గుట్కా, ఖైనీ గురించి మెత్తగా చెప్పే పద్ధతి నాకు తెలియదు. నికోటిన్ సన్న రక్తనాళాలను బిగిస్తుంది. రక్తం అందని చోట ఎముక పెరగదు. పొగ తాగేవాళ్లలో ఇంప్లాంట్లు విఫలమవడం తాగనివాళ్ల కంటే ఎక్కువని ఎన్నో అధ్యయనాల్లో తేలింది. రెండు రోజులు ఆపి మూడో రోజు మొదలుపెడితే చిగురు కొంత మానుతుందేమో గానీ ఎముకకు మిగిలేది ఏమీ లేదు. ఆకు వక్క వేసుకునే పెద్దవాళ్లు ‘పొగాకు వేసుకోనులే’ అంటారు. సున్నం చిగురును కొరుకుతుంది, వక్క ముక్కలు గుచ్చుకుంటాయి.

మాత్రల్లో మన ఊళ్లలో జరిగే పొరపాట్లు రెండు. నొప్పి తగ్గిందని యాంటీబయాటిక్‌ను సగంలో ఆపడం ఒకటి. వాపు కనిపించగానే దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూది వేయించుకోవడం రెండోది. డాక్టరు ఇచ్చిన మాత్రా, ఆ సూదీ ఒకే జాతి మందులైతే మోతాదు రెట్టింపై కడుపులో పుండ్లకూ కిడ్నీకీ చేటు. కిడ్నీ జబ్బు, అల్సర్, ఆస్తమా ఉన్నవాళ్లు ఇబుప్రోఫెన్, డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు వేసుకునే ముందు అడిగి తీరాలి. గుండెకు స్టెంట్ వేయించుకుని రక్తం పలచబడే మాత్ర వాడేవాళ్లు దాన్ని సొంతంగా ఆపకూడదు. పన్ను కంటే గుండె ముఖ్యం. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాసిస్తే ఆ రోజుల్లో మద్యం ముట్టకూడదు. షుగరున్నవాళ్లు ఇంప్లాంట్‌కు పనికిరారన్న మాట పాతది. షుగర్ అదుపులో ఉంటే వేయించుకోవచ్చు. ఆ అదుపు ఆపరేషన్ ముందు రక్తపరీక్ష కోసం మాత్రమే కాకుండా ఎముక పట్టుకునే నెలలంతా ఉండాలి.

పై దవడలో వెనక పళ్ల చోట ఇంప్లాంట్ వేసి, సైనస్ కింద ఎముక పొడి కూడా పెట్టి ఉంటే నియమాలు కాస్త వేరు. ముక్కు పక్క గాలి గది అక్కడే, పంటి వేర్ల మీదే ఉంటుంది. సుమారు రెండు వారాలు ముక్కు గట్టిగా చీదకూడదు. తుమ్ము వస్తే నోరు మూసి ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మాలి. నీళ్లు తాగితే ముక్కులోంచి వస్తున్నాయంటే ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి.

చిగురు పైన చిన్న లోహపు బొత్తాం కనిపించి, ఇంప్లాంటే బయటికొచ్చిందని బెదిరిపోయేవాళ్లు ఉంటారు. అది చిగురు మానేదాకా పెట్టే మూత. నాలుకతో తిప్పే పని పెట్టుకోవద్దు. అదే వదులై ఊడొస్తే డబ్బాలో భద్రంగా పెట్టుకుని క్లినిక్‌కు వెళ్తే మళ్లీ బిగిస్తారు. ఇంట్లో బిగించే ప్రయత్నం వద్దు. ఆ మూత కాకుండా ఇంప్లాంటే కదులుతున్నట్టుంటే మాత్రం ఆలస్యం చేయకూడదు. తీసి పెట్టుకునే కట్టుడు పళ్లున్నవాళ్లు అవి గాయం మీద నొక్కుతున్నాయేమో చూపించి అరగదీయించుకోవాలి. పెళ్లికో పండక్కో వెళ్తున్నామని అలాగే తొడుక్కుంటే దెబ్బ తగిలేది లోపలి మరకే.

ఎప్పుడు కంగారు పడాలి

శుభ్రమైన గుడ్డ మడిచి అరగంట గట్టిగా కరిచినా రక్తం ఆగకపోతే. నాలుగో రోజు దాటినా వాపు పెరుగుతూ ఉంటే. 100.4 ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, నోట్లో చెడు రుచి, చీము కనిపిస్తే. కింది దవడలో చేయించుకున్నాక మత్తు సూది ప్రభావం కొన్ని గంటల్లో దిగిపోవాలి. మర్నాడు పొద్దున కూడా కింది పెదవీ గడ్డమూ మొద్దుగానే ఉంటే మర దవడ నరాన్ని నొక్కుతుండొచ్చు. ఇందులో నొప్పి ఉండదు కాబట్టే ‘చూద్దాంలే’ అని ఆగుతారు. ఆగకూడదు, ఆ పూటే చెప్పాలి. మింగలేకపోవడం, నాలుక కింద గట్టిగా వాచి పైకి లేవడం, ఊపిరి కష్టమవడం జరిగితే డెంటల్ క్లినిక్ తలుపు తెరిచేదాకా ఎదురుచూడొద్దు. 108కి ఫోన్ చేసి నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లాలి.

మన రాయలసీమలో ఇంకో చిక్కు దూరం. అనంతపురంవాళ్లు చాలామంది బెంగళూరులో, కర్నూలువాళ్లు హైదరాబాదులో, కడపవాళ్లు తిరుపతిలో చేయించుకుని అదే సాయంత్రం బస్సెక్కుతారు. బెంగళూరు, హైదరాబాదు అయితే 200 కిలోమీటర్లు దాటిన దారి. రాత్రి రక్తం కారితే ఆ డాక్టరు ఫోనులోనే దొరుకుతాడు. కుదిరితే ఆ ఒక్క రాత్రి అక్కడే బంధువుల ఇంట్లో ఉండటం మంచిది. కుదరకపోతే మన ఊళ్లో ఎవరికి చూపించాలో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. కడపలో రిమ్స్ ప్రాంగణంలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల లాంటి చోట్లు ఉన్నాయి.

స్థానిక డాక్టరు చూడాలన్నా ఒకటి అవసరం. ఇంప్లాంట్ కంపెనీలు చాలా ఉన్నాయి, ఒకదాని మర విప్పే పరికరం ఇంకోదానికి సరిపోకపోవచ్చు. ప్రతి ఇంప్లాంట్ డబ్బీ మీద కంపెనీ పేరు, పొడవు, మందం, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కరు వస్తుంది. డబ్బు కట్టేటప్పుడు రసీదుతో పాటు ఆ స్టిక్కరు కూడా అడిగి తీసుకోవాలి. క్లినిక్‌లోనే దాన్ని ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోనుకు కూడా పంపి ఉంచితే, ఐదేళ్ల తర్వాత ఇంప్లాంట్ మీది పంటి తొడుగు వదులైన రోజున బెంగళూరు దాకా పోకుండా ఇక్కడే పని జరిగే అవకాశం ఉంటుంది.